పేరు మధ్య ఖాళీ

గుణుపురం బస్టాండు వెనక మా జెరాక్సు కొట్టు.
షట్టరు సగం దించి
ఒక ప్రతిపాదన రాస్తున్నాను,
మొహం తెలియని మనుషులకి.
వాళ్ళు ఉచితంగా వండి పెట్టిన కోడు
తొమ్మిదేళ్ళుగా తింటున్నదాన్ని,
ఉప్పు తగ్గిందని చెప్పడానికి
ఇన్నాళ్ళూ మొహమాటపడ్డాను.

విషయం చిన్నదే.
ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రాముని లేపి
పనికి పంపే చోట,
చెప్పిన మాటంతా ఒకే తాడుగా అందుకుని
ఖాళీ కనబడిన చోటల్లా తెంపుతోంది ఆ మాడ్యూలు.

మొన్న పింఛను కాగితాలు స్కాను చేశాను.
ఫైలు పేరు: పొట్నూరు అప్పలనరసమ్మ.
తాడు తెగింది.
పొట్నూరు ఒక దారి, అప్పలనరసమ్మ ఒక దారి.
మనిషి లేని ఇంటిపేరొకటి,
ఇల్లు లేని మనిషొకర్తి.
రెండూ దొరకలేదని
రెండుసార్లు చెప్పింది తెర.
కౌంటరు మీద మోచేతులానించి ఆవిడంది,
"నానిక్కడే ఉన్నాను కదమ్మా."

"దీదీ, మధ్యలో అండర్‌స్కోరు కొట్టెయ్" అంటాడు
మా కొట్టు కుర్రాడు దుష్మంత.
కొడుతూనే ఉన్నాను కదరా ఇన్నేళ్ళూ.
ఒడియా పేర్లకి, తెలుగు పేర్లకి,
కొండ దిగొచ్చిన జిబు రయిత పేరుకి,
అడుగున ఒక నల్లదారం కుట్టు.
చిరిగింది పేరు కాదు,
అయినా కుట్లు పేరుకే.

అందుకని రాశాను:
మాటల్ని తాడుగా పేనకండి,
విడివిడిగా, ఒక్కో దోసిట్లో ఒక్కోటి అందించండి.
మధ్యలో షెల్లుని పిలవకండి,
అది దుబాసీ పని చేస్తూ
తనకి తోచిన అర్థం కలుపుతుంది.

రెండోది ఎదురుచూపు సంగతి.
పిల్ల ప్రోగ్రాము చెప్పుకునేది చాలా ఉంటే
పైపు నిండిపోతుంది;
తల్లి చదివితే గాని అది ముందుకి కదలదు.
అది ముగిస్తే గాని చదవనని తల్లి కూచుంటుంది.
ఇద్దరూ బతికే ఉంటారు. ఏమీ జరగదు.
దీన్ని వాళ్ళకెలా వివరించను?
మా చిన్నాన్న కులం సర్టిఫికెట్టు కోసం
పాతపట్నం ఆఫీసు గుణుపురం కాగితం తెమ్మంది,
గుణుపురం ఆఫీసు పాతపట్నం కాగితం తెమ్మంది.
పదకొండు నెలలు.
ఇది కొట్టేశాను, వాళ్ళకి అర్థం కాదని.
"నిండకముందే చదువుతూ ఉండండి" అని మాత్రం ఉంచాను.

పాత పద్ధతి మీద బతికేవాళ్ళుంటారు,
దాన్ని పడగొట్టమనడం లేదు.
పక్కన కొత్త తలుపు తీయండి,
పాత తలుపు మీద ఒక హెచ్చరిక అంటించండి, చాలు.

ఇంగ్లీషు నాకు నాలుగో భాష.
"దయచేసి" ఎన్నిసార్లు రాస్తే మర్యాదో,
ఎన్నిసార్లయితే అడుక్కోవడమో తెలీదు.
నాలుగు రాసి మూడు చెరిపాను.

పరీక్ష కూడా జత చెయ్యాలి కదా.
అందులో ఆవిడ పేరు పెట్టలేదు, అడగలేదు గనక.
నాదే పెట్టాను, మా లిపిలోనే:
కోరాడ సుభాషిణి, నడుమ ఖాళీతో.
నడిపాను.
కరెంటు ఒకసారి మిణుకుమంది, ఇన్వర్టరు మూలిగింది.
తర్వాత ఒక అంకె వచ్చింది:
సున్నా.
బళ్ళో సున్నా వస్తే గోడకుర్చీ వేయించేవారు;
ఇక్కడ సున్నా అంటే
వెళ్ళిన పని అయింది, క్షేమంగా వచ్చాననీ.

నా పేరు ముక్కలవకుండా వెళ్ళి
ముక్కలవకుండా తిరిగొచ్చింది.
ఎందుకో ఇంకోసారి నడిపాను,
మళ్ళీ ఇంకోసారి.

దుష్మంత ముఢి పొట్లం విప్పి
ఉల్లిపాయ కోసుకొచ్చాడు.
"ఒప్పుకుంటారా దీదీ?"
ఏమోరా. చదవడానికే నెలలు పట్టొచ్చు.
చదివి, అవసరం లేదనొచ్చు.

రేపు పొద్దున్నే పింఛను వరస.
ఎనిమిదికల్లా అప్పలనరసమ్మ వస్తుంది.
అప్పటికింకా
అండర్‌స్కోరే.